ఇనుము తక్కువైన రోజు

నెకర్ నది మీద మంచు ఇంకా విడలేదు.
హైడెల్‌బర్గ్ కొండ ఎక్కే మొదటి బస్సులో
రోస్వీథా ఒక్కతే.
చేతిసంచిలో నిన్న డాక్టరిచ్చిన చీటీ:
ఒంట్లో ఇనుము బాగా తక్కువ.
మెట్లెక్కితే వచ్చే ఆయాసం అందుకేనట.
ఇన్నాళ్ళూ వయసనుకుంది.

ఇరవై ఆరేళ్ళుగా ఆ ప్రయోగశాలలో
కణాల్ని పెంచుతుంది, కడుగుతుంది, పగలగొడుతుంది.
అచ్చయిన ప్రతి బొమ్మకీ అడుగున
ఒక నల్లటి గీత ఉంటుంది,
చక్కెరను విరిచే ఎంజైమ్‌ది.
అన్ని గళ్ళలోనూ సమానంగా పోశామని చెప్పే సాక్షి.
సాక్షిని ఇంకేమీ అడగరు.
నీ ఊరేది, రాత్రిళ్ళు ఎక్కడుంటావు,
అలాంటివేమీ.

ఈ శీతాకాలం పని వేరు.
మంచుగడ్డల మీద పళ్ళెం పెట్టి
అతినీల కాంతి వేయాలి, ఒక్క నిమిషం.
ఆ క్షణాన ఏ ప్రోటీన్ చెయ్యి
ఏ ఆర్‌ఎన్‌ఏ భుజం మీద ఉందో
అక్కడే అతుక్కుపోతుంది.
ఫొటో కాదిది.
దొరికిపోవడం.

దొరికినవాళ్ళ జాబితా చూసి
యోరిస్ ముఖం చిట్లించాడు.
"వంటింటి వాళ్ళంతా గ్రంథాలయంలో కనిపిస్తున్నారు!
చక్కెర విరిచేవాడు, కొవ్వు కరిగించేవాడు...
సరిగ్గా కడగలేదేమో."
ఆ చివరి మాట గాలిలోకి అన్నాడు గాని
గదిలో ఉన్నది ఆమె ఒక్కతే.

ఆమె మళ్ళీ కడిగింది.
ఉప్పునీళ్ళతో, సబ్బునీళ్ళతో, వేడిచేసి,
మూడు వారాలు, మూడు సార్లు.
వాళ్ళు వదల్లేదు.
అడుగుగీత వాడైతే అసలే వదల్లేదు.

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు.
నిజమే, ఇమడవు.
చక్కెర పని నడుస్తున్నంతసేపూ
ఆ గుంటలో ఒక కత్తి.
పొయ్యి చల్లబడితే
అదే గుంటలోకి ఆర్‌ఎన్‌ఏ పోగు.
అది చదివి ప్రోటీన్ అల్లవలసినవాళ్ళు
బయట నిలబడి ఉంటారు.
ఎందుకు పట్టుకుంటారంటే, జాబితాలో చాలామంది గురించి
యోరిస్‌కీ తెలియదు, వాళ్ళ పెద్దాయనకీ తెలియదు.

ఒక్కడి కథ మాత్రం పాతదే, అందరికీ తెలిసినదే.
అకోనిటేజ్.
వాడి ఉద్యోగం ఎంతనుకున్నారు?
సిట్రిక్ ఆమ్లంలోంచి ఒక నీటిబొట్టు తీసి
పక్కింట్లో పెట్టడం.
అంతే, రోజంతా.
వాడి గుండెలో ఓ బుల్లి పెట్టె,
నాలుగు ఇనుప రేణువులూ నాలుగు గంధకపు రేణువులూ
ఒకదాన్నొకటి పట్టుకుని కట్టింది.
ఇనుముకి కరువొస్తే పెట్టె చెదిరిపోతుంది.
ఉద్యోగం పోయింది కదా,
వాడు ఇంటికి పోడు.
ఖాళీ అయిన చేతులు చాచి
జడపిన్నులా మడతపడిన ఆర్‌ఎన్‌ఏని పట్టుకుంటాడు.
ఇనుము దాచే గాదె కట్టించే కబురైతే
నోరు నొక్కుతాడు:
దాచడానికేముందిప్పుడు?
ఇనుమును లోపలికి రప్పించే తలుపు కబురైతే
ఎవరూ చింపకుండా కాపలా కాస్తాడు.

ఇదంతా ఆమె ఎన్నోసార్లు విన్నదే,
సోమవారం మీటింగుల్లో, వెనక బల్ల మీద,
గొట్టాలకు చీటీలు అతికిస్తూ.

ఇవాళ మాత్రం గొట్టం మూత తిప్పుతూ తిప్పుతూ
చెయ్యి ఆగింది.
నాలోనూనా?
ఈ పాటికి, ఈ కాలేయంలో,
పెట్టె చెదిరిన వాళ్ళు ఎందరో
ఒక్కో కబురూ పట్టుకుని
నిలబడి ఉన్నారా, నేను ఆయాసపడుతుంటే?
వయసనుకున్నాను నేను.
వాళ్ళు అనుకోలేదు.

మధ్యాహ్నం యోరిస్ వచ్చి
క్షమించమనలేదు.
జాబితా కొత్త ప్రతి ఆమె బల్ల మీద పెట్టి
"వీళ్ళు నిజమేనండీ" అన్నాడు.
మొట్టమొదటిసారి "అండీ" అన్నాడు.
ఆమె తలూపి, తడి చేతుల్తో ముట్టుకోకుండా
మోచేత్తో పక్కకి జరిపింది.

మాత్ర నారింజరసంతో వేసుకోమన్నాడు డాక్టరు,
ఇనుము బాగా ఒంటబడుతుందని.
క్యాంటీన్ కిటికీ దగ్గర గ్లాసెత్తింది.
పుల్లగా ఉంది.
ఆ పులుపు ఎవరి పనో ఆమెకు తెలుసు.
కింద నది మీద మంచు విడుతోంది.
"కాసేపాగండి," అంది తెలుగులో కాదు, జర్మన్‌లో,
గ్లాసులోకే చూస్తూ,
"వస్తోంది."